పేరుదేముంది తల్లీ

డ్రయ్యరు తలుపు తెరవగానే వేడిగాలి ఈడ్చి ముఖాన కొట్టింది. డెల్ఫా రిగ్స్ దుప్పట్లు బయటికి లాగి, కొసలు గడ్డం కింద అదిమిపట్టి మడతలు పెడుతోంది. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ వృద్ధాశ్రమంలో ఆమె బట్టలు ఉతకబట్టి చాలా ఏళ్ళయింది. వేళ్ళ చివర్లు అరిగి నున్నబడ్డాయి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలి ఉంటాయి. నోట్లో నాలుక లేని మనిషి. ముసలివాళ్ళ మేజోళ్ళు జత తప్పితే తప్ప ఎవరితోనూ పేచీ పెట్టుకోదు.

ఆవేళ మాత్రం చేతులు ఆడటం లేదు. సాయంత్రం లాన్ హచిన్స్ వస్తాడు. డెల్ఫా ఆరేళ్ళ మనవరాలు జూనీని మొదటిసారిగా రెండు రోజులు తన ఇంటికి తీసుకుపోతాడు. జూనీ తల్లి, డెల్ఫా కూతురు షెల్బీని పదిహేడో ఏట చెరిచినవాడు ఈ లానే. పిల్లకి తండ్రి అతనే కనక అతనికి హక్కుందన్నది కోర్టు.

ఇస్త్రీ బల్ల దగ్గర ఉండే ఓపల్ పొద్దున రేడియోలో విన్నదట. బలాత్కారం చేసి తండ్రైనవాడికి ఆ బిడ్డ మీద ఏ హక్కూ లేకుండా రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చిందట.

"ఏమే డెల్ఫా, ఎవరో పోయినట్టు ఆ మొహమేంటే? వాడి పీడ విరగడైంది పో. లాయరమ్మకి ఫోన్ చెయ్యి" అంటూ చేతిలో దుప్పటి లాక్కుంది.

డెల్ఫాకి ప్రాణం లేచొచ్చింది. మెట్ల కిందికి వెళ్ళి, డబ్బు తీసుకోకుండా తమ కేసు చూస్తున్న లాయరమ్మకి ఫోన్ చేసింది. ఆమె మంచిదే, మంచిగానే చెప్పింది. చట్టం వచ్చిన మాట నిజమే గాని, బలాత్కారమని శిక్ష పడ్డవాడికే అది వర్తిస్తుంది. లాన్ ఒప్పుకున్న నేరం అది కాదు.

"మరి వాడు చేసిందేంటమ్మా?"

"చేసింది అదే, డెల్ఫాగారూ. కోర్టు కాగితంలో మాత్రం 'దాడి' అని ఉంది."

ఆ మాటకి ఒప్పించింది డెల్ఫాయే. అప్పట్లో సర్కారు వకీలు బేరం తెచ్చాడు. నేరం పేరు తగ్గిస్తే లాన్ ఒప్పుకుంటాడు, కొన్నాళ్ళు జైల్లో ఉంటాడు, అమ్మాయి బోనెక్కి ఊరందరి ముందూ నోరు విప్పక్కర్లేదు. నిండు కడుపుతో ఉన్న పిల్లని చూస్తూ ఏ తల్లి ఏమంటుంది? ఒప్పుకో, పేరుదేముంది తల్లీ అంది. షెల్బీ ఒప్పుకుంది. ఆ తర్వాత ఒక్కనాడూ తల్లిని ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండునని డెల్ఫాకి ఎన్నోసార్లు అనిపించింది.

తిరిగొచ్చి మిగిలిన దుప్పట్లు మడిచింది.

సాయంత్రం షెల్బీ కూతురికి జడ వేసింది, వాంతి చేసుకుంది, గదిలోకి పోయి తలుపేసుకుంది. డెల్ఫాయే జూనీని పెట్రోలు బంకు దగ్గరికి నడిపించుకుపోయింది. పిల్లని అప్పగించాలని కోర్టు చెప్పిన చోటు అదే. ఎండ మాడ్చేస్తోంటే పిల్లకి ఎర్ర పుల్లైసు కొనిపెట్టింది.

"అమ్మమ్మా, ఆయన్ని ఏమని పిలవాలి?"

నీ ఇష్టం తల్లీ అనబోయి ఆగిపోయింది. ఆ పిల్ల ఇష్టం ఎవరడిగారు గనక?

లాన్ కారు దిగాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. బాగున్నారా అని మర్యాదగా పలకరించాడు. డెల్ఫా తలూపింది. ఊపినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"కార్లో తినకూడదమ్మా, సీట్లు పాడైపోతాయి" అన్నాడతను పిల్లతో.

జూనీ ఒక్క క్షణం ఆలోచించి పుల్లైసు డెల్ఫా చేతిలో పెట్టింది. "నేనొచ్చేదాకా పట్టుకో అమ్మమ్మా."

కారు తలుపు పడింది. అద్దం మీద ఎండ పడి, పిల్ల వెనక్కి చూసిందో లేదో తెలియలేదు. పక్కన ఎవరో పెట్రోలు పోసుకుంటున్నారు. ఇంటికి వెళ్ళి, తీసుకుపోయాడని షెల్బీకి చెప్పాలి. డెల్ఫా పుల్లైసు అలాగే పట్టుకుని ఉంది. ఎర్రటి నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి. జూనీ కొరికినచోట, ఊడిన పంటి సందున తెగకుండా మిగిలిన చిన్న ఐసుముక్క మాత్రం పుల్ల మీద ఇంకా నిలబడే ఉంది.