మొగ దాటని సినిమా

సినిమా మొదలై గంటన్నర అయినా నావ మొగ దాటలేదు. గోదావరి సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర కెరటాలు విరుచుకుపడతాయి. ఇంజను లేకుండా, ఒట్టి తెరచాపతో దాన్ని దాటించగలిగినవాడు కాట్రేనికోన పక్కనున్న ఓ ఊళ్ళో ఒక్కడే మిగిలాడు, కుమారి తండ్రి గంగబాబు. డెబ్బై రెండేళ్ళు. ఆ పని తెర మీద చూపిస్తామంటేనే సినిమావాళ్ళ నావ మీద నలభై రోజులు ఎండలో మాడాడు. "నేను పోయినా ఆ సినిమాలో ఉంటాదిలే" అని ఊరంతా చెప్పుకున్నాడు.

అమలాపురం హాల్లో తెర మీద రెండు వేల ఏళ్ళు గడుస్తున్నాయి. బౌద్ధ భిక్షువులు ఎక్కారు, డచ్చివాళ్ళు ఎక్కారు, ఇంగ్లీషు దొరలు ఎక్కారు. ఎవరెక్కినా నావ మాత్రం అదే, ఎడమ పక్క గంగబాబు పూసిన తారు మరకతో సహా. హీరోయిన్ నావ మధ్యలో కూర్చుని నీళ్ళకేసి చూస్తూనే ఉంది. రాజ్యాలు మారాయి గానీ ఆవిడ చూపు మారలేదు. వెనక వరసలో ఎవరో హాయిగా గురక పెడుతున్నారు.

"మొగ దాటేది ఎప్పుడొస్తాదే?" గంగబాబు పక్క సీట్లో ఉన్న కూతురు కుమారిని మూడోసారి అడిగాడు.

రాలేదు. పొగమంచు వచ్చింది. అది విడిపోయేసరికి నావ నడిసముద్రంలో ఉంది. లైట్లు వేశాక డైరెక్టరు దగ్గరికొచ్చి, "ఎడిటింగులో తీసేశామండి. సినిమా నడకకి అడ్డమొచ్చింది" అన్నాడు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు గంగబాబు. ఇద్దరూ ఊరి బస్సెక్కారు. కుమారికి ఒళ్ళు మండిపోయింది. డైరెక్టరు మీద ఎంత కోపమో, ఇన్నేళ్ళూ ఆ పని నేర్పమని అడగనందుకు తన మీద తనకూ అంతే.

తెల్లవారి, నీరు సముద్రం వైపు లాగే వేళకు రొయ్యల షెడ్డులో తన పని ఆ పూటకి మానేసి కుమారి రేవుకి వెళ్ళింది. షూటింగయ్యాక సినిమావాళ్ళు వదిలేసిన నావ అక్కడే ఉంది. గంగబాబు దాని పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"లే నాన్నా. మొగ దాటడం నాకు నేర్పు."

"ఆడాళ్ళు నావ ఎక్కకూడదమ్మా. తాతల నాటి కట్టుబాటు."

"మరి హీరోయిన్ గారిని ఎక్కించేవు కదా. రెండు వేల ఏళ్ళు దిగలేదావిడ."

"అది సినిమా."

"ఆ సినిమాలో నీ పని లేదు. ఇంకెక్కడ దాచుకుంటావు నాన్నా?"

గంగబాబు వల పక్కన పడేసి లేచాడు. "కాళ్ళు కడుక్కో. నావకి దణ్ణం పెట్టి ఎక్కు" అన్నాడు. మొదటిసారి చేపల వేటకొచ్చే ప్రతి మగాడికీ అతను చెప్పే మాట అదే.

మొగ దగ్గరపడింది. తెల్లగా విరుగుతున్న కెరటాలు చూసి కుమారి చుక్కాని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"పెద్దవి మూడు పోనీ. నాలుగోదాని ముందు తిప్పు."

"నువ్వూ ఓ చెయ్యి వెయ్యి నాన్నా."

"నేను వేస్తే నీకు రాదు."

తెరచాప తాడు పట్టుకుని గంగబాబు నావ మధ్యకి వెళ్ళాడు. హీరోయిన్ కూర్చున్న చోటే కూర్చుని, కూతురి చేతులకేసి చూడసాగాడు.

మూడో కెరటం పోయింది. కుమారి చుక్కాని తిప్పింది.