ఇరవై మూడో ఎక్కం

ఏడు, ఆరు, ఐదు, ఆరు, ఏడు. కొండయ్య గూడ్సుబండి పెట్టె మీద అంకెలు నోటుపుస్తకంలో రాసుకుని, వెనకనుంచి మళ్ళీ చదివాడు. వికటకవిలాగే ఎటునుంచి చదివినా ఒకటే. పదకొండేళ్ళకు ఈ పెట్టె మళ్ళీ కనబడింది, అదీ రిటైరయ్యే రోజున.

గుడివాడ స్టేషన్లో అతను నంబర్ టేకర్. గూడ్సుబండి ఆగగానే కంకరరాళ్ళ మీద ఈ చివరనుంచి ఆ చివరకు నడిచి ప్రతి పెట్టె నంబరూ రాసుకోవాలి. ముప్ఫై మూడేళ్ళ ఈ నడకకు మడమలు పగిలాయి, నంబర్ల కోసం చాచి చాచి మెడ కొంగమెడైంది. అందరూ నంబరు రాసి ఊరుకుంటే కొండయ్య దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వేవాడు. మూడుకు లొంగుతుందా? పదకొండుకు? దేనికీ లొంగకపోతే ప్రధాన సంఖ్య!

చిన్నప్పుడు పంతులుగారు ఇరవై ఎక్కాలొస్తే లోకాన్ని గెలిచినట్టే అన్నారు. కొండయ్య నమ్మేశాడు. ఇరవై ఎక్కాల్లోనూ తగలని ప్రతి నంబరుకూ ప్రధాన పదవి కట్టబెట్టాడు. అలా నాలుగువందల పన్నెండు పోగయ్యాయి. అన్నిటికీ రాజు ఈ 76567. సాయంత్రం సన్మానంలో ఆ పుస్తకాన్ని స్టేషన్ మాస్టరుకు అప్పగించాలని అతని కోరిక. తాను బతికినందుకు గుర్తు అదొక్కటే.

ప్లాట్‌ఫారం మీద గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళే హర్షిణి కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంది. కొండయ్య ఉండబట్టలేకపోయాడు.

"అమ్మాయ్, దీన్ని ఏదన్నా భాగిస్తుందేమో చూడు. ఓడిపోతావులే."

పిల్ల మీటలు నొక్కింది. పంతొమ్మిది దాకా కొండయ్య మీసం దువ్వుతూనే ఉన్నాడు.

"ఇరవై మూడుతో పోతోందండీ తాతగారూ! మూడువేల మూడువందల ఇరవై తొమ్మిది సార్లు."

"ఇరవై మూడా? దానికీ ఎక్కం ఉందా అమ్మా?"

"ఎక్కాలకి అంతెక్కడుందండీ!"

కొండయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. రాజే దొంగయితే, మిగతా నాలుగువందల పదకొండు మందిలో ఎంతమంది దొంగలో!

సాయంత్రం దండ వేశాక స్టేషన్ మాస్టరు గుర్తుచేశాడు. "ఏదో ఇస్తానన్నారు కదండీ?"

"ఇంకా పని మిగిలుందండి," అని పుస్తకాన్ని చంకలో ఇరికించుకుని, దండతోనే గూడ్సుషెడ్డులోకి దూరాడు. కాసేపటికి ముఖం వెలిగిపోయింది. నేర్చుకోవలసినది ఇంత మిగిలుందని అతనికెవరూ చెప్పలేదు మరి.

"కొండయ్యగారూ, మీ ఊరెళ్ళే బందరు బండి కదుల్తోందండీ!" పోర్టరు యేసుదాసు కేకేశాడు. కొండయ్య దండ ఊగుతుండగా పరుగెత్తి ఎక్కాడు. ఆ తర్వాత గుడివాడలో అతన్ని ఎవరూ చూడలేదు.

మర్నాడు యేసుదాసు షెడ్డు తెరిచాడు. నల్లరంగు తలుపు మీద సుద్దతో ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు ఎక్కాలు గుండ్రటి అంకెల్లో పూర్తిగా ఉన్నాయి. తుడవడానికి గుడ్డ తెచ్చాడు గానీ చెయ్యి రాలేదు. ఇరవై నాలుగో ఎక్కం ఏడో మెట్టు దగ్గర ఆగిపోయి ఉంది, దాని కింద గడప మీద విరిగిన సుద్దముక్క.