గుమ్మం దగ్గరి టైల్

మా అత్తయ్య బాత్‌రూంలో జారిపడిన నాటి నుంచి ఆవిడను తలుపు గడియ పెట్టుకోనివ్వలేదు మేము. నేను లోపల నిలబడి నీళ్లు పోస్తుంటే గోడవైపు తిరిగి కూర్చునేది. ఊరందరికీ జాకెట్లు కుట్టిపెట్టిన మనిషి, "నా స్నానం నేను చేసుకోలేని బతుకూ ఒక బతుకేనా?" అనేది.

"కాలు జారని నేల వేయిస్తాను. ఆ రోజు నుంచి గడియ మీ ఇష్టం అత్తయ్యా," అని మాటిచ్చాను.

గరుకు పింగాణీ టైల్స్ తెచ్చాం. మేస్త్రీ గదంతా పరిచి, గుమ్మం దగ్గర కోసి పెట్టాల్సిన ముక్క మాత్రం వదిలేసి, "రేపొస్తానమ్మా" అని పోయాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు, వాడి మొహం మండ!

మా ఆయనే టైల్స్ కోసే కట్టర్ అద్దెకు తెచ్చాడు. బస్సు తోలే చేతులాయె, ముందుకే గానీ ఆగడం తెలీదు. నేను బ్లేడు మీద చెంబుతో నీళ్లు పోస్తుంటే చక్కగా కోసుకొచ్చేవాడు. తీరా చివరికొచ్చేసరికి మూల టక్కున విరిగేది. ఒకటి పోయింది, ఇంకోటి పోయింది.

"పోనీ, ఈ విరిగిందే పెట్టేద్దామా?" అన్నాడు.

"అత్తయ్య అడుగు పడేది సరిగ్గా అక్కడే. షుగరున్న కాలు, గీసుకుంటే మానుతుందా? బుద్ధుండాలి!"

మిగిలింది ఒక్కటే టైల్. కొట్లో ఆ రకం అయిపోయింది. ఆయన మళ్లీ కట్టర్ ఎత్తాడు.

"ఆగండి!" అని అరిచాను. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తయ్య నాకు నేర్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది. జారే గుడ్డను ఒక్క ఊపున చివరిదాకా కోయకూడదు. ముందు అవతలి అంచున గాటు పెట్టుకుని, ఇవతలి నుంచి వచ్చి దాన్ని కలుసుకోవాలి. మరిచిపోతే స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చేది. అప్పట్లో మనసులో తెగ తిట్టుకున్నాను గానీ, ఈ రోజు నేను కుట్టుకుని తింటున్న కూడు ఆ స్కేలు పెట్టిందే.

టైల్‌నీ అలాగే కోయమన్నాను. "ఇది జాకెట్టు కాదే!" అన్నాడు ఆయన.

"చెప్పింది చేయండి."

గీత వెంబడి టేపు అంటించాను. అవతలి చివర కొంచెం కోసి, టైల్ తిప్పి, ఇవతలి నుంచి మొదలుపెట్టాడు. "మెల్లగా, తొయ్యకండి," అంటూనే ఉన్నాను. గాటు దగ్గరికి వస్తుంటే చెంబు ఇంకాస్త వంచాను. రెండు కోతలూ కలిశాయి. మూల మూలలాగే ఉంది! అంచును సానరాయితో రుద్ది, అత్తయ్య ఒళ్లో పెట్టాను.

కుట్టు చూసినట్టే వేలితో తడిమి చూసింది. "ఎవరు నేర్పారే నీకు?"

"నా వేళ్లు వాచేలా కొట్టిన ఒక మహాతల్లి. ఆవిడ చల్లగా ఉండాలి," అన్నాను. ఆవిడ నా వేళ్లు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

టైల్ అతికించి, సిమెంటు గట్టిపడ్డాక అత్తయ్య గోడ పట్టుకుని లోపలికెళ్లింది. గడియ పడింది. మేమిద్దరం బయటే నిలబడ్డాం.

"ఇంకా అక్కడే తగలడ్డారా? పోండి, పనులు చూసుకోండి!" అని లోపలి నుంచి కేక.

వెళ్లి కుట్టు మిషను ముందు కూర్చున్నాను. తొక్కలేదు. తొక్కితే ఆవిడ నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినబడదు.