బావగారి కన్నీళ్ళు

కోటు మీద పడ్డ సిరా మరక చూపించడానికి వచ్చిన టీచరమ్మ, పని చెప్పడం పూర్తికాకుండానే ఫోను తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఈయన మీ బావగారే కదూ? మా ఇంట్లో అందరం కళ్ళు తుడుచుకుంటూ చూశామండీ. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టిపుట్టాలి."

ఆ డ్రైక్లీనింగ్ దుకాణంలో మరకలు వదలగొట్టే పని ఆమెది. రక్తం మరకో, తుప్పు మరకో, పసిపిల్లలు కక్కిన పాల మరకో, ఏదైనా ముక్కు చిట్లించకుండా చేతిలోకి తీసుకుంటుంది. అందుకే వచ్చేపోయేవాళ్ళు ఆమెని మరకలమ్మ అంటారు. ఆమె చేతులు తుడుచుకుని ఫోను మీదికి వంగింది.

తెర మీద బావ. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, చేతిలో ఒక స్టీలు చెంచా పట్టుకున్నాడు. "ఈ చెంచాతోనే, ఈ చేత్తోనే ఎనిమిది నెలలు నా దేవతకి తినిపించాను. ఒళ్ళు తుడిచాను. పుండు కడిగాను. ఒక్కనాడు విసుక్కోలేదు" అంటున్నాడు. గొంతు పూడుకుపోవాల్సిన చోట సరిగ్గా పూడుకుపోయింది. కన్నీటిచుక్క జారి చెంప మధ్యలో ఆగింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు. తుడుచుకుంటే కనిపించదు మరి.

మరకలమ్మ తెర మీంచి చూపు తిప్పుకుంది. ఫోను తిరిగిచ్చేసి, "కోటుకి గురువారం రండి" అని మాత్రం అనగలిగింది.

అక్కకి ఆఖరి నెలల్లో పొట్టలో పుట్టిన పుండు చర్మం పైకి తేలింది. గదిలోకి అడుగుపెడితే చాలు, వాసన గొంతుకి అడ్డంపడేది. మరకలమ్మ రోజూ పనికి ముందొకసారి, పనయ్యాక ఒకసారి వెళ్ళి కట్టు మార్చేది, ఒళ్ళు తుడిచేది, చెంచాతో జావ పోసేది. బేసిన్ పట్టుకుని నిలబడేది అక్క కూతురు. పదమూడేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. బావ మాత్రం గుమ్మం దాటేవాడు కాదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఎలా ఉందివాళ?" అని అక్కడినుంచే అడిగి వెళ్ళిపోయేవాడు. మందులు తెచ్చేవాడు, డాక్టర్ల చుట్టూ తిరిగేవాడు. లోపలికి మాత్రం రాలేకపోయేవాడు.

అప్పుడు మరకలమ్మ ఆయన్ని తప్పుపట్టలేదు. కొందరి తత్వం అంతే, తట్టుకోలేరు అనుకుంది. అక్క కూడా, "పోనీలేవే, ఆయనకి చిన్నప్పట్నుంచీ వాసనలు పడవు" అని వెనకేసుకొచ్చింది. ఆయన వచ్చి చెంచా పట్టుకుంటే బావుండునని మాత్రం అక్క గుమ్మంకేసి చూస్తూ ఉండేది.

ఆదివారం మరకలమ్మ బావ ఇంటికి వెళ్ళింది. అక్క గది గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. మంచం కిటికీ దగ్గరికి జరిగింది. దాని మీద తెల్లటి దుప్పటి, పక్కన గాజు కూజాలో పువ్వులు. మూలన స్టాండుకి గుండ్రటి లైటు. బావ మొహానికి ఏదో రాసుకున్నట్టున్నాడు, నునుపుగా మెరుస్తోంది.

"రా మరదలా, సమయానికొచ్చావ్! నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా."

"బావా, ఆ చెంచా మీరెప్పుడు పట్టుకున్నారు?"

ఆయన తడబడతాడనుకుంది. సిగ్గుపడతాడనుకుంది. పోనీ, కోప్పడతాడనుకుంది. ఆయన మంచం అంచున కూర్చుని మెత్తగా నవ్వాడు.

"పట్టుకోలేదంటావా? నువ్వు పనికెళ్ళిపోయాక మధ్యాహ్నాలు ఎవరు పట్టుకున్నారు మరి?"

"పక్కింటి పెద్దావిడ."

"ఆవిడ రాని రోజులుండవా? నాకు గుర్తుంది మరదలా. తన పెదవులు ఎండిపోయి చెంచాకి అతుక్కునేవి. చెబుతుంటే కళ్ళకి కట్టినట్టుంది."

మరకలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. పెదవులు చెంచాకి అతుక్కునే సంగతి ఆయనకి చెప్పింది తనే, అక్క పోయిన మర్నాడు, ఏడుస్తూ. ఆయన అబద్ధమాడుతున్నా ఇంత అసహ్యం వేసేది కాదు. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. ఆమె చేతుల్లోంచి ఆ ఎనిమిది నెలల్ని ఊడబెరుక్కుని ఒంటికి తొడుక్కుని కూర్చున్నాడు.

"ఇంతకీ నీతో పనుంది," అన్నాడాయన లేచి అలమారా తెరుస్తూ. ఆకుపచ్చ స్వెట్టరు తీశాడు. అక్కది. "వెనకనుంచి చూస్తే నువ్వు అచ్చం మీ అక్కలాగే ఉంటావ్. ఇది వేసుకుని కిటికీ దగ్గర నిలబడు. మొహం కనపడదులే. పిచ్చుక వెనకనుంచి వచ్చి నిన్ను పట్టుకుంటుంది. కలలో అమ్మ కనిపించినట్టు. అంతే."

"సిగ్గులేదా నీకు?" మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

"ఎందుకు సిగ్గు? ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా దాన్ని తలుచుకుని? బతికుండగా దాన్ని పట్టించుకున్నవాళ్ళెవరు?"

ఆ మాట వింటూనే ఆమె వెనుదిరిగింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళింది.

పిచ్చుక అక్కడ స్టూలు మీద కూర్చుని చిన్న అద్దంలో చూసుకుంటోంది. కనుబొమలు ముడిచింది, కింది పెదవి వణికించింది, చూస్తుండగానే కళ్ళలో నీళ్ళు నిండాయి. పిన్నిని చూడగానే కుళాయి కట్టేసినట్టు ఆపేసింది.

"ఎడమవైపు నుంచి తీస్తే బావుంటుంది పిన్నీ. కుడివైపు ముక్కు లావుగా పడుతుంది," అంది. తర్వాత అద్దం పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఒకటడగనా? అమ్మకి బేసిన్ పట్టుకున్నది నేనే కదా?"

"నువ్వే. ఎందుకలా అడుగుతున్నావ్?"

"నాన్న వీడియోల్లో తనే పట్టుకున్నానంటారు. అలా చాలాసార్లు విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే బేసిన్ పట్టుకుని నాన్నే కనిపిస్తున్నారు. నేను గుమ్మం దగ్గరున్నట్టు అనిపిస్తోంది. నేనేమన్నా కల్పించుకున్నానేమోనని..."

మరకలమ్మ ఆ పిల్ల తలని పొట్టకి అదుముకుంది. తర్వాత గదిలోకి తిరిగొచ్చింది.

"వేసుకుంటాను. కానీ బడి సెలవులైపోయేదాకా పిచ్చుక నా దగ్గరుంటుంది. ఇవాళే తీసుకెళ్తాను."

"ఓస్, అంతేనా? తీసుకెళ్ళు."

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ తేలిక చూసి ఆమెకి మరింత వెగటు పుట్టింది.

స్వెట్టరు తలమీదనుంచి దించుకుంటూ గట్టిగా ఊపిరి పీల్చింది. అక్క జాడే లేదు. ఏదో కొత్త సబ్బుపొడి వాసన. కిటికీకి ఎదురుగా నిలబడింది. వెనకనుంచి బావ, "బంగారూ... వచ్చావా?" అన్నాడు. బతికుండగా ఆయన అక్కని ఏనాడూ అలా పిలవలేదు. ఆ పిలుపు మెడ మీద జెర్రి పాకినట్టయింది. అంతలో రెండు చేతులు ఆమె నడుముని చుట్టేశాయి. పిచ్చుక మొహం వీపుకి ఆనింది. ఈసారి ఏడుపు కుళాయిలా రాలేదు. వెక్కిళ్ళు, చీమిడి, ఏదో జంతువు మూలిగినట్టు పొట్టలోంచి తన్నుకొచ్చింది.

"ఆ! అదీ! ఆపకు, ఆపకు!" అన్నాడు బావ లైటు సర్దుతూ.

మరకలమ్మ వెనక్కి తిరిగి పిల్లని గుండెకి హత్తుకుంది. "అయిపోయింది. కెమెరా కట్టెయ్," అంది.

తీసింది చాలన్నాడాయన. మర్నాటికి దాన్ని వేలమంది చూశారు. దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా చెప్పుకున్నారు. ఆ వీపు తనదని ఎవరికీ తెలియదు. మరకలమ్మ ఆవిరి యంత్రం పక్కన నిలబడి తనూ చూసింది. నిజమే, వీపు అక్కలాగే ఉంది. కింద ఎవరో, 'ఆ తల్లి నిలబడ్డ తీరులోనే ఎంత ప్రేముందో' అని రాశారు. ఆమెకి లోపల ఎక్కడో వెచ్చగా తగిలింది. మళ్ళీ చూసింది. ఇంకెవరేం రాశారోనని కిందికి జరిపింది. సాయంత్రానికి ఎన్నిసార్లు చూసిందో గుర్తులేదు. చూసిన ప్రతిసారీ నోట్లో చేదు ఊరేది, అయినా చూసేది. చివరికి తన మీద తనకే ఏవగింపు కలిగి, ఫోను తీసుకెళ్ళి ఉతకని బట్టల గంపలో పడేసి పనిలో పడింది.

ఇంటికొచ్చాక పిచ్చుక పక్కన కూర్చుంది. ఇద్దరూ ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు.

"అమ్మ దగ్గర వాసనొచ్చేది కదా పిన్నీ?"

"వచ్చేది."

"చాలా?"

"చచ్చేంత. ఓసారి నేను బయటికి పరిగెత్తి మెట్ల మీదే కక్కుకున్నాను. తిరిగొస్తే మీ అమ్మ, 'నా మీద కక్కలేదు, సంతోషం' అంది."

పిచ్చుక పకపకా నవ్వింది. నవ్వుతూనే, "నేను నోటితో ఊపిరి పీల్చేదాన్ని. బేసిన్ అంచు చల్లగా ఉండేది. నువ్వు నా కాలు తొక్కావోసారి!" అంది.

"తొక్కాను. తిట్టావు కూడా."

"తిట్టాను!" అంది పిల్ల, పోయిన వస్తువేదో దొరికినట్టు.

సెలవులయ్యాక కూడా పిచ్చుక వెనక్కి వెళ్ళనంది. బావ అభ్యంతరం చెప్పలేదు. ఖాళీ మంచం మీద కూర్చుని, కూతురు కూడా దూరమైందంటూ ఇంకో వీడియో పెట్టాడు. దుకాణంలో టీచరమ్మ మొహం మాడ్చుకుని, "తండ్రీకూతుళ్ళని విడదీశారటగా?" అని నిలదీసింది.

"మా బావ ఆ గది గుమ్మం దాటలేదండీ. పుండు కడిగింది నేనూ, ఆ పిల్లానూ," అంది మరకలమ్మ.

టీచరమ్మ ఆమెకేసి ఎలా చూసిందంటే, బల్ల మీది మరకబట్టని కూడా ఎవరూ అంత చీదరగా చూడరు. "పుణ్యాత్ముడి మీద ఇలాంటి మాటలు అనడానికి నోరెలా వచ్చింది?" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంకొందరు ఖాతాదారులు రావడం మానేశారు. మరకలమ్మ ఎవరికీ ఇంకేమీ చెప్పలేదు.

ఒక సాయంత్రం బావ ఫోన్ చేశాడు. పిచ్చుక స్పీకరులో పెట్టింది.

"తల్లీ, ఒక్క మాట రికార్డు చేసి పంపరా. 'నాన్నా, ఏడవకు' అని. నా గొంతు వెనక నీ గొంతు వినిపిస్తే బావుంటుంది."

"నువ్వు నిజంగా ఏడుస్తున్నావా నాన్నా?"

 అవతల కుర్చీ కదిలిన చప్పుడు. ఊపిరి చప్పుడు.

"అదేం ప్రశ్నరా? అందరూ చూస్తూనే ఉన్నారుగా," అన్నాడాయన చివరికి. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా అర్థంకానట్టే అన్నాడు.

పిచ్చుక ఆ మాట చెప్పకుండానే ఫోను పెట్టేసింది. కాసేపు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని, తర్వాత లేచి వెళ్ళి బాత్రూంలో చాలాసేపు మొహం కడుక్కుంది. మరకలమ్మ తలుపు బయట తువ్వాలు పట్టుకుని నిలబడింది.