కంప్యూటర్ గది ముందు చెప్పులు

నంద్యాల శివార్లలోని పత్తి పరిశోధన కేంద్రంలో కంప్యూటర్‌కు జరిగే మర్యాద దేవుడికి కూడా జరగదు. చెప్పులు బయటే విడవాలి, లోపల గట్టిగా తుమ్మినా తప్పే. అది 1986 వానాకాలం. తండ్రి ఏలీయాను వరండా బెంచీ మీద కూర్చోబెట్టి, లూదియా చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.

పత్తి వంగడాల మీద ఆమె చేస్తున్న తాత్కాలిక కొలువు ఆ నెలాఖరుతో సరి. ఉన్నది ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు, అదీ ప్రోగ్రామ్ రాయగల శాస్త్రవేత్తకే. అది రాకపోతే చదువుకు నీళ్లొదిలి సొంతూరు ఆళ్లగడ్డలో కూర్చోవాల్సిందే. కాలేజీలో ఆమె ప్రోగ్రామింగ్ నేర్చుకుంటుంటే "టైపు గుమాస్తావు అవుతావా?" అని ఎగతాళి చేసిన మహానుభావులు ఇప్పుడు దరఖాస్తు కూడా పెట్టలేకపోయారు. నవ్వుకునే తీరిక లూదియాకు లేదు.

అధికారి విశ్వేశ్వరయ్య ఆ పోస్టుకు పరీక్షగా నిరుటి పంట తూకాలు చేతికిచ్చాడు. "ఏ వంగడం మేలో ఆ మిషన్‌తోనే చెప్పించు తల్లీ."

ఆమె ప్రోగ్రామ్ రాసి నడిపింది. తీరా అచ్చయి వచ్చిన కాగితం చూస్తే, చేలో విరగకాసిన వంగడం అట్టడుగున ఉంది. కాపే లేని వంగడం పైకెక్కి కూర్చుంది. లూదియా ప్రోగ్రామ్ అంతా వెతికింది, తప్పు దొరకలేదు.

"ఏందమ్మా, అట్లొచ్చె?" అన్నాడు విశ్వేశ్వరయ్య.

ఆమె కళ్లు మూసుకుని, మడికో వంగడం వేసిన ఆ చేను తలుచుకుంది. పత్తి తీసేవాళ్లు ఒక వరుస మడులు ముగించి, వట్టి చేతులతో మొదటికి రారు. ఆ చివరనే తిరుక్కుని, రెండో వరుస తీసుకుంటూ ఇటు వస్తారు. తూకాలూ ఆ క్రమంలోనే రాస్తారు. తానేమో ప్రతి వరుసా ఇటునుంచే మొదలని కంప్యూటర్‌కు చెప్పింది! ఇన్నాళ్లు చేలో తిరిగి, కుర్చీలో కూర్చోగానే చేను మరిచిపోయింది. తనను తాను తిట్టుకుంటూ, వరుస విడిచి వరుస తిరగేసేలా ప్రోగ్రామ్ మార్చి మళ్లీ నడిపింది.

విరగకాసిన వంగడం పైకి వచ్చింది.

"నేనైతే మిషన్ చెప్పిందే నిజమనుకుని ఆ మొదటి కాగితం మీదనే సంతకం పెట్టేసుందును," అన్నాడు విశ్వేశ్వరయ్య. "పోస్టు నీదే తల్లీ. సోమవారం వచ్చి చేరు."

లూదియాకు ఏడుపొచ్చింది. బయటికి వస్తూనే "వచ్చింది నాయనా!" అని తండ్రి చెయ్యి పట్టుకుని బస్టాండుకు లాక్కుపోయింది. ఎన్ని నెలల తర్వాతో హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆళ్లగడ్డ బస్సు కదిలాక గానీ ఏలీయా ఆమె కాళ్ల వంక చూడలేదు.

"నీ చెప్పులు యాడమ్మా?"

లూదియా వంగి చూసుకుని పకపకా నవ్వింది.

"ఆడనే ఉండాయి. ఉండనీలే నాయనా, సోమవారం మళ్లా ఆడికే గదా నేను పోయేది."