చేప కేసు

వీధిలో అందరూ ఆయన్ని ఇన్‌స్పెక్టరనే అంటారు గానీ ఆయన పోలీసు కాదు. బీమా కంపెనీలో, తగలబడిపోయాం మొర్రో అని వచ్చిన దుకాణాలు వాటంతటవే తగలబడ్డాయా, ఎవరైనా సాయం చేశారా అని చూసొచ్చే మనిషి. ఇరవయ్యేళ్లలో ఒక్క రిపోర్టూ తప్పు రాయలేదని చెప్తుంటాడు, అడిగినా అడక్కపోయినా.

ఆయన హాల్లో రెండడుగుల చేపల తొట్టి ఉంది. అందులో మొక్కలు మూణ్ణెల్లుగా పసుపుబారి, ఎదగమంటే ససేమిరా అంటున్నాయి. "ఆ నీలం రాళ్లలో ఏం తిని బతుకుతాయండీ? తీసేసి మట్టి వెయ్యండి" అన్నాడు చేపల షాపాయన. నీలం రాళ్లు ఇచ్చింది కూడా ఆయనే.

ఆదివారం పొద్దున్నే ఇన్‌స్పెక్టరు నల్లమట్టి ప్యాకెట్ మోసుకొచ్చాడు.

"మట్టి ప్యాకెట్లో వస్తుందా?" అంది భార్య.

"మామూలు మట్టి కాదే. గుళికలు. నీళ్లలో కరగవు."

"ఎంత తడిపినా కరగదా? అచ్చం మీలాగే."

ఆ చురక ఆవిడ తమ్ముడి గురించి. రెండేళ్ల కిందట వీళ్లు నాలుగు రోజులు ఊరెళ్తూ తాళంచెవి, చేపల మేత అతని చేతిలో పెట్టారు. తిరిగొచ్చేసరికి పాముచేప లేదు. వేలెడు పొడుగు, ఒళ్లంతా చారలు, ఎప్పుడూ అడుగున పాకుతుండేది. తొట్టి మూత అంగుళం తెరిచుంది. ఇన్‌స్పెక్టరు స్కేలు పెట్టి కొలిచాడు. బావమరిదిని గంటన్నర విచారించాడు. అతను మొదట "తెలీదు" అన్నాడు, తర్వాత "చూళ్లేదు" అన్నాడు, చివరికి "దూకి చచ్చిపోయింది బావగారూ, చెత్తబుట్టలో వేశా" అని ఒప్పుకున్నాడు. చేప పోయినందుకు కాదు, దాచినందుకని ఇన్‌స్పెక్టరు మాట్లాడ్డం మానేశాడు. అప్పట్నుంచీ పక్క వీధిలో ఉండే తమ్ముడు అక్కని చూడాలంటే బావ క్యాంపుకెళ్లిన రోజు చూసుకుని, దొంగలా వచ్చి వెళ్తున్నాడు.

తొట్టి నీళ్లు కొన్ని బకెట్లోకి దింపి చేపల్ని అందులోకి మార్చారు. మొక్కలకి తడి పేపరు చుట్టారు. ఇన్‌స్పెక్టరు పాత టీకప్పుతో రాళ్లు తోడుతుంటే మిగిలిన నీళ్లు కాఫీ రంగుకి తిరిగాయి. ఒక జడపిన్ను బయటపడింది.

"ఇదెలా వచ్చింది?"

"ఇన్‌స్పెక్టరు మీరు. మీరే తేల్చండి. ముందా కర్రదుంగ ఎత్తండి, దాని కింద ఏముందో చూద్దాం."

ఎత్తాడు. ఏదో మెలికలు తిరిగింది.

"అమ్మో, వానపాము!"

"వానపాముకి చారలుండవు" అన్నాడు అలవాటుగా. ఆ తర్వాత వంగి చూశాడు. పాముచేప!

వలతో తీసి బకెట్లో వేశాడు. పోయినప్పటికన్నా ఒళ్లు చేసింది. భార్య బకెట్లోకి చూసి, ఆయన వైపు చూసింది. తిట్టినా బావుండేది.

"దాని పిల్లేమో" అన్నాడు.

"ఒక్కటే ఉన్నదానికి పిల్లా? తండ్రెవరో?"

ఆయన చారలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "మరి వాడెందుకు ఒప్పుకున్నాడే?"

"నన్నడుగుతారేం? వాణ్ణే అడగండి" అని నంబరు కలిపి, స్పీకరు నొక్కి ఫోన్ చేతికిచ్చింది.

"చెప్పక్కా."

"నేను."

"బావగారా? అక్క బానే ఉందా?"

"బానే ఉంది. చేప దొరికింది."

"ఏ చేప?"

"ఎన్నింటిని చంపావేంటి? అదే. రాళ్ల కింద బతికే ఉంది. చెత్తబుట్టలో వేశానని ఎందుకన్నావు?"

"ఏం చెయ్యమంటారు? గంటన్నర కూర్చోబెట్టారు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. దూకి చచ్చుంటుందని మీరే అన్నారు, అవుననగానే మీ మొహం వెలిగిపోయింది. అంత పెద్దాయన అంత గట్టిగా చెప్తుంటే నిజమే కాబోలు అనుకున్నా. కొన్నాళ్లు నాకే చూసినట్టు గుర్తొచ్చేది కూడా."

ఇరవయ్యేళ్లుగా తన ముందు ఒప్పుకున్నవాళ్ల మొహాలు ఇన్‌స్పెక్టరుకి వరసగా గుర్తొచ్చాయి. వాళ్లలో ఎందరికి ఆకలేసిందో.

"బావగారూ," అవతల గొంతు మెత్తబడింది, "నిజం చెప్పండి. నాతో మాట కలపడానికి కొత్తది కొన్నారు కదూ?"

అవుననమని భార్య చేతులూపుతోంది. అంటే అన్నీ సర్దుకుపోతాయి. బావమరిది వస్తాడు, పాత రిపోర్టుకి మచ్చా రాదు.

"కొనలేదు" అన్నాడు. "అదే చేప. నువ్వేం చెయ్యలేదు. నేనే తప్పు తేల్చాను." కాస్త ఆగి, "వచ్చి చూడు" అన్నాడు.

పది నిమిషాల్లో వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా బకెట్ ముందు గొంతుకూర్చున్నాడు.

"రెండేళ్లు కంటబడకుండా ఏం తింది బావగారూ ఇది? మేతంతా పైనే తేలుతుంది కదా?"

"తెలీదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ మాట ఆయన నోట భార్య వినడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

"సగం రాళ్లు అలాగే ఉన్నాయే! ఇంకా ఏమున్నాయో. జరగండి, నేను తీస్తా" అంటూ బావమరిది చొక్కా చేతులు మడిచాడు.

ఇన్‌స్పెక్టరు జరిగి టార్చి పట్టుకున్నాడు. "మెల్లిగా. ఆ మూల ముందు..."

"మీరు మాట్లాడకండి బావగారూ. వెలుతురు కదులుతోంది."

ఆయన రెండు చేతులతో టార్చిని కదలకుండా పట్టుకున్నాడు.