కాదు అత్తయ్యా

నా కోడలు నోట్లో నాలుక లేని మనిషని చుట్టుపక్కలంతా అనేవారు. అది నన్ను తిట్టడమేనని నాకు తెలియదా? కోడలు నెమ్మదస్తురాలంటే అత్త గయ్యాళి అనే కదా అర్థం. అనుకోనీ. నా నోరు పెద్దదే, నేనేం కాదనను. కానీ ఆ పిల్ల నోరు నేను కుట్టేయలేదు. కూర మాడిందంటే "సరే అత్తయ్యా", మాడలేదన్నా "సరే అత్తయ్యా". అలాంటి మనిషితో ఎంతసేపని పోట్లాడతాం? నాకే విసుగొచ్చి ఊరుకునేదాన్ని.

అలాంటిది నలభై ఏడో ఏట, నా మనవరాలు ఉద్యోగంలో చేరిన నెలలోనే, "లా చదువుతాను అత్తయ్యా, సాయంత్రం కాలేజీలో సీటొచ్చింది" అంది. అడగడం కాదు, చెప్పడం. నేను నవ్వాను. "నువ్వా? అవతలి లాయరు ఏమంటే దానికి సరే అనడానికా?" అన్నాను. ఆ పిల్లా నవ్వింది గానీ కళ్లలో నవ్వు లేదు.

పెళ్లి మాటలప్పుడు వాళ్లమ్మ చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు పాలు తాగేసిన పిల్లి తరఫున వాదించేదట. గిన్నె మీద మూత ఎవరు పెట్టలేదో ముందు తేల్చండి అనేదట. పెద్దయ్యాక ప్లీడరునవుతానని గోడ మీద బొగ్గుతో బోర్డు కూడా రాసుకుందట. తర్వాత తండ్రి పోయాడు, డిగ్రీతో చదువు ఆగింది, కళ్లజోళ్ల షాపులో పనికి చేరింది, మా ఇంటికొచ్చింది. ఆ వాదించే పిల్ల ఎటుపోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి ఏడాది బాగానే నడిచింది. పగలు షాపులో ఫ్రేములకు అద్దాలు బిగించడం, సాయంత్రం కాలేజీ. పరీక్షలన్నీ మంచి మార్కులతో గట్టెక్కింది. రెండో ఏడాది మూట్ కోర్టని ఒకటి వచ్చిపడింది. "మూటేమిటే, ఎవర్ని మూటగడతారు?" అన్నాను. అంటే ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి లాయర్లు, మార్కులు మాత్రం నిజం. కేసేమిటంటే, అద్దెకున్న దర్జీ ఊళ్లో లేనప్పుడు చూసి ఇంటాయన దుకాణానికి కొత్త తాళం వేసేశాడు. మా కోడలు దర్జీ వైపు. రిహార్సల్లో ఇంటాయన తరఫు కుర్రాడు లేచి, "దుకాణం మా క్లయింటుది, తాళం మా క్లయింటుది" అని గట్టిగా అనేసరికి ఈ మహాతల్లి "సరే" అందట.

క్లాసంతా పగలబడి నవ్వారట. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "మానేస్తాను అత్తయ్యా. ఇది తప్పితే పై ఏడాదికి పంపరు. నాకు మాట పెగలదు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నవ్విన వాళ్ల మీదా, దీని మీదా కూడా. "ఏడుపు ఆపు. రేపట్నుంచి ఇంటాయన లాయర్ని నేను. ఎలా పెగలదో చూస్తాను" అన్నాను.

నల్లకోటు లేదు కాబట్టి మావాడి రెయిన్‌కోటు తగిలించుకున్నాను. మావాడు బస్సు డిపోలో మెకానిక్కు. పని నుంచి వస్తూ లోపల నా అరుపులు విని, నిజం గొడవే అనుకుని గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు పాపం. లాక్కొచ్చి జడ్జిని చేశాం. అటు పెళ్లాం, ఇటు అమ్మ. అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. తీర్పు చెప్పే వేళకల్లా "కేసు వాయిదా" అనేసి స్నానానికి పోయేవాడు.

వాదన నాకు కొత్తా? "నా ఇల్లు, నా ఇష్టం" అన్నాను.

"కాదండీ" అంది, నేల చూస్తూ.

"ఎవరితో చెబుతున్నావు, గచ్చుతోనా? నా మొహం చూసి చెప్పు."

చూసింది. "కాదు అత్తయ్యా" అంది. ఆ ఒక్క మాటకి ఇన్నేళ్లు పట్టింది గానీ, వచ్చాక ఇక ఆగలేదు. "ఇల్లు మీదే, ఎవరు కాదన్నారు? కానీ లోపల నా మిషనుంది, సగం కుట్టిన బట్టలున్నాయి, నా బతుకంతా అక్కడే ఉంది. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా తలుపేసే హక్కు మీకెవరిచ్చారు?"

మావాడు తీర్పు చెప్పబోతే కళ్లెర్రజేసి కూర్చోబెట్టాను. "ఏదో, ఫర్వాలేదు" అని రెయిన్‌కోటు విప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఓడిపోయానని ఒప్పుకోవడం నా ఒంట్లోనే లేదు.

అసలు రోజున నేనూ కాలేజీకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. జడ్జిగా నిజం జడ్జినే పిలిపించారు, రిటైరైన పెద్దావిడ. అవతలి కుర్రాడు టై సవరించుకుని, బల్ల గుద్ది, "దుకాణం మాది, తాళం మాది" అన్నాడు. నా కోడలు లేచి నిలబడింది. ముందు వరసలో ఎవరో అప్పుడే కిసుక్కుమన్నారు. సరే అనకే తల్లీ, నీకు పుణ్యముంటుంది, అని నాలో నేనే గొణుక్కున్నాను. నా ప్రాణాలు నా దగ్గర లేవు.

"కాదు అత్తయ్యా" అంది.

హాలు హాలంతా గొల్లుమంది. అత్తయ్య అనిపించుకున్న కుర్రాడి మొహం కందగడ్డయింది. లేచి ఒక్కొక్కడికీ నాలుగు వడ్డిద్దామా అనిపించింది నాకు. కానీ నా కోడలు కూర్చోలేదు. నవ్వులన్నీ అయ్యేదాకా ఆగింది. "క్షమించండి యువర్ ఆనర్, అత్తయ్య అన్నది అలవాటులో వచ్చేసింది, వెనక్కి తీసుకుంటాను. కాదు అన్నది మాత్రం తీసుకోను."

ఇక చూడాలి దాన్ని. కుర్రాడు మధ్యలో అడ్డొస్తే "నన్ను పూర్తిచేయనివ్వండి" అంది. జడ్జిగారు మెలికలు తిప్పి అడిగితే మెలిక విప్పి చూపించింది. ఎక్కడా నేల చూడలేదు. నా కళ్లు నిండిపోయి చివరికి నాకే సరిగ్గా కనిపించలేదు. ఇది నా కోడలు, మా ఇంటి పిల్ల అని పక్కనున్న ముక్కూమొహం తెలియనావిడతో చెప్పాను, అదీ రెండుసార్లు.

తీర్పు దర్జీ వైపే వచ్చింది. ఈ ఏడు కాలేజీల్లో తను విన్న వాదనల్లో ఇదే మేలైనదని కూడా అన్నారు జడ్జిగారు. తర్వాత కళ్లజోడు తీసి, "ఇంతకీ ఆ అత్తయ్య ఎవరమ్మా?" అని అడిగారు. నా కోడలు వెనక్కి తిరిగి నన్ను చూపించింది. మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడ్డాను. హాలంతా నావైపే చూస్తోంది.

"ఏమండీ పెద్దమ్మగారూ, మీ కోడలు ఇంట్లో మీతో కూడా ఇలాగే వాదిస్తుందా?"

నా కోడలి మొహంలో రంగు మారింది. నా నోటి సంగతి దానికి తెలుసు కదా.

"వాదిస్తుందండీ" అన్నాను. "గెలుస్తుంది కూడా."